సూరతులో ఒక యిల్లు, ఫ్రాన్సులో పెక్కు ఇండ్లు

కడోదరా పేరు సాహిత్య చరిత్రలలో కానరాదు. అహమ్మదాబాదునుండి బొంబాయికి పోవు జాతీయ రహదారిని, సూరతునుండి బార్డోలికి పోవు బాట దాటే కూడలిలో వెలసిన పారిశ్రామిక పట్టణమది. మరమగ్గముల శాలలు, అద్దకపు మిల్లులు, సరకు లారీలు - ఇవే అచ్చటి దృశ్యములు. తూర్పుగా పోయినచో 1928 నాటి సత్యాగ్రహముతో దేశమంతటా పేరు మోగిన బార్డోలి వచ్చును. పడమరగా సుమారు 15 కిలోమీటర్లు పోయినచో సూరతు. ఈ ప్రాంతమున మగ్గముల మీద బ్రతుకుచున్న జనములో తెలంగాణమునుండి వలస వెళ్ళిన పద్మశాలీల సంఖ్య తక్కువది కాదు. సూరతు నగర ప్రాథమిక విద్యాసమితి నడపు బడులలో తెలుగు మాధ్యమపు బడులు కూడ ఉన్నవన్న సంగతి మన రచయితలలో ఎందరెరుగుదురో!

ఆ సూరతులో సాహిత్యప్రియుడు వెదకదగిన యిండ్లు రెండు. ఒకటి నిలిచి యున్నది, రెండవది లేదు. లేనిదానిని గూర్చియే ముందు చెప్పుట మంచిది. ఏలయన అది ఒక ఫ్రెంచి రచయితది, పైగా అనువాదకునిది.

ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీవారు ఈ దేశమున తమ మొదటి వర్తకశాలను 1668లో నెలకొల్పినది సూరతులోనే. మన మచిలీపట్టణమునకు వారు వచ్చినది ఆ తరువాత. అచ్చటి ఫ్రెంచిపేట పేరు నేటికీ ఆ రాకకు సాక్ష్యమిచ్చుచున్నది. ఈ రెండుచోట్లను ఫ్రెంచివారికి మిగిలిన చిన్న చిన్న హక్కులు 1947లో భారతదేశమునకు దఖలుపడినవి. ఆ వర్తకుల లెక్కల పుస్తకములను నేడు చరిత్రకారులు తప్ప ఎవరును తెరువరు. కాని 1758లో ఆ కంపెనీ నీడను సూరతు చేరిన ఒక యువకుని పేరు మాత్రము ప్రాచ్యవిద్యలలో నిలిచిపోయినది. ఆయన ఆన్కెతీల్ దుపెరోన్.

ఆన్కెతీల్ 1731లో పారిస్‌లో జన్మించినాడు. ఇరువదిమూడేండ్ల వయసున, ఆక్స్‌ఫర్డులో ఉన్న ఒక అవెస్తా ప్రతినుండి ఎత్తి వ్రాసిన కొన్ని పత్రములను ఆయన చూచెను. ఆ లిపిని చదువగలవాడు నాడు ఐరోపాలో ఒక్కడును లేడు. చదువగలవారు పారసీక పురోహితులు, వారుండునది గుజరాతు. దారి ఖర్చులకు సొమ్ము లేదు గనుక ఆన్కెతీల్ కంపెనీ సేనలో సామాన్య సైనికుడుగా పేరు వ్రాయించుకొన్నాడు. తీరా ఓడ ఎక్కువేళకు, ఆయన పట్టుదలను గూర్చి విన్న పెద్దల చొరవవలన రాజాస్థానమునుండి ఉచిత ప్రయాణము, కొద్దిపాటి భత్యము మంజూరయినవి. 1755లో పుదుచ్చేరిలో దిగి, అచ్చటినుండి చందర్‌నగరమునకు పోయి, మరల తూర్పు తీరము వెంబడి నేలబాటను పుదుచ్చేరి చేరి, అటుపై పడమటి తీరమునకు వచ్చి, ఎట్టకేలకు సూరతులో అడుగుపెట్టినాడు. అచ్చటి ఫ్రెంచి వర్తకశాలలో ఆయన సోదరుడు ఉద్యోగి.

సూరతులో ఆయన గురువు దస్తూర్ దారాబు. ఇరువురికిని ఉమ్మడిభాష ఫారసీ. శిష్యుడు అవెస్తా పదము చూపును. గురువు ఫారసీలో అర్థము చెప్పును. శిష్యుడు దానిని ఫ్రెంచిలో వ్రాసికొనును. మధ్య ఒక భాష అడ్డుపడిన అనువాదమెట్లుండునో మనకు తెలియనిది కాదు. బెంగాలీ నవలలను హిందీ ద్వారమునను, రష్యను నవలలను ఇంగ్లీషు ద్వారమునను తెచ్చుకొన్నవారమే గదా. ఆన్కెతీల్ అనువాదములోను తప్పులు మెండు. 1771లో ఆయన 'జెంద్ అవెస్తా' మూడు సంపుటములుగా వెలువడగానే, యువకుడైన విలియం జోన్సు దానిని ఎగతాళి చేయుచు ఫ్రెంచిలోనే ఒక లేఖను అచ్చొత్తించినాడు. జోన్సంతటివాడు చేసిన పెద్ద పొరపాట్లలో అది యొకటి. 1826లో డెన్మార్కు పండితుడు రాస్క్, ఆ తరువాత ఫ్రాన్సులోనే బ్యుర్నూఫ్ ఆ మూలము యొక్క ప్రాచీనతను నిరూపించిరి. అప్పటికి ఆన్కెతీల్ మరణించి యిరువది యేండ్లు దాటినది.

సూరతును ఆయన 1761లో విడిచినాడు. వెంట గొనిపోయినది 180 వ్రాతప్రతులు. 1762లో పారిస్ చేరి వానిని రాజగ్రంథాలయమునకు అప్పగించినాడు. తరువాతి కాలమున దారా షికో చేయించిన ఉపనిషత్తుల ఫారసీ అనువాదమును లాటినులోనికి మార్చి 1801, 1802లలో ప్రకటించెను. జర్మను తత్త్వవేత్త షోపెన్‌హౌవర్ ఉపనిషత్తులను ఎరిగినది ఆ లాటిను ద్వారముననే. విప్లవపు రోజులలో పారిస్‌లో ఆన్కెతీల్ అతి బీదతనమున బ్రతికినాడు. దానిని దాచుకొనకపోగా, ఆ ఉపనిషద్గ్రంథపు ముందుమాటలో భారతదేశపు బ్రాహ్మణులను సంబోధించుచు తన నిరాడంబర జీవనమును సగర్వముగా వర్ణించుకొన్నాడు. ఆయన పేర సూరతులో యాత్రికునకు చూపు ఇల్లు లేదు. దారాబు ముంగిట, ఆ ఫ్రెంచివాడు కూర్చున్న చాప ఎచ్చట పరచియుండెనో ఎవరు చెప్పగలరు?

ఇక నిలిచియున్న యిల్లు. సూరతు పాతపట్టణములో గోపీపురా చెంత ఆమ్లీరాన్ అను వీధిలో ఉన్నది. దాని పేరు 'సరస్వతీ మందిర్'. గుజరాతీ నవీన సాహిత్యమునకు ఆద్యుడని పేరొందిన నర్మదాశంకర్ లాల్‌శంకర్ దవే దానిని 1860 దశకమున కట్టించినాడు. గుజరాతీలకు ఆయన 'వీర నర్మద్'. 1833 ఆగస్టు 24న సూరతులో పుట్టినవాడు. తండ్రి వ్రాయసకాడు. కుమారుడు బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ విద్యాలయములో చదివి, ఉపాధ్యాయుడై, 1858 నవంబరులో ఒకనాడు ఆ కొలువును వదలి ఇంటికి వచ్చి కలమును చూచి కంటతడి పెట్టుకొన్నాడట. ఇక తాను కలము ఒడిలోని బిడ్డనని, పరుల కొలువు చేయనని ప్రతిన పట్టినాడు. ఆ ప్రతిన ఇరువదినాలుగేండ్లు చెల్లించినాడు. 1882లో అప్పుల బాధ తాళలేక బొంబాయిలో ఒక ధర్మసంస్థ కార్యదర్శి పదవిని ఒప్పుకొనవలసి వచ్చినది. నాలుగేండ్లకే, 1886లో, కన్నుమూసినాడు.

ఈ నాలుగు తేదీలు మనసునందుంచుకొని చూచినగాని 'సరస్వతీ మందిర్' అర్థము కాదు. అది జమీందారు కవికి కట్టించి యిచ్చిన యిల్లు కాదు. కలము మీద బ్రతుకగలనని నమ్మిన మనుష్యుడు ఆ నమ్మకము బలముగానున్న రోజులలో కట్టుకొన్నది. 1864లో 'డాండియో' పత్రిక, అదే యేట కవితాసంపుటము, 1865లో గద్యసంపుటము, 1866లో స్వీయచరిత్ర - ఇట్లు పుస్తకము మీద పుస్తకము వచ్చుచున్న దశ అది. ఆ స్వీయచరిత్ర 'మారీ హకీకత్' గుజరాతీలో ఆ ప్రక్రియకు మొదటిది. తన మిత్రుల కొరకు కొలదిప్రతులు మాత్రమే అచ్చువేయించుకొన్నాడు. లోకమునకు అది పూర్తిగా అందినది 1933లో, ఆయన శతజయంతి నాడు. ఆపై 'నర్మకోశము'. 1873లో ముగిసిన ఆ నిఘంటువులో సుమారు 25 వేల పదములు కలవు. మన సూర్యరాయాంధ్ర నిఘంటువునకు పిఠాపురము సంస్థానపు అండ, పండితుల మండలి ఉండెను. నర్మదునకున్నది ఒక యిల్లు, అప్పులు.

ఇల్లు సంస్కరణకును వేదికయైనది. 1860లో వితంతు వివాహమును గూర్చి వల్లభ సంప్రదాయపు మహరాజుతో బహిరంగముగా వాదమునకు దిగిన నర్మదుడు, 1869లో నర్మదాగౌరి అను వితంతువును తాను పెండ్లాడినాడు. అప్పటికే భార్యయైన డాహీగౌరి అదే ఇంటనున్నది. సంస్కర్త జీవితములో ఆ డాహీగౌరి పడిన వేదనను గుజరాతీ విమర్శకులు నేటికీ చర్చించుచునే యున్నారు. చర్చించుట న్యాయమే. వీరపూజ కొరకు స్మారకము కట్టవచ్చును గాని, ఆ గదులలో నివసించినవారందరిని వీరులను చేయజాలము. జీవితపు చివరి యేండ్లలో నర్మదుడు తన పూర్వపు సంస్కరణ భావములను తానే ప్రశ్నించుకొని సనాతనమువైపు మరలినాడు. 1885 నాటి 'ధర్మవిచార్' అందుకు సాక్ష్యము. ఆ యిల్లు ఇప్పుడు సూరతు నగరపాలక సంస్థ చేతిలో మరమ్మతులు పొంది స్మారక గృహముగా నున్నది. దక్షిణ గుజరాతు విశ్వవిద్యాలయమునకును ఆయన పేరే పెట్టినారు.

తెలుగువానికి ఈ కథ వినగానే రాజమహేంద్రవరము తలపునకు రాక మానదు. వీరేశలింగము పంతులు నర్మదునికంటె పదునైదేండ్లు చిన్న. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహమును జరిపించినది తన యింటనే. ఆయనయు పత్రిక నడపినాడు, స్వీయచరిత్రము వ్రాసినాడు. ఉన్నదంతయు హితకారిణీ సమాజమునకు వ్రాసియిచ్చినాడు. ఆ యింటిని నేటికీ చూడవచ్చును. అయితే నర్మదుని యింటికిని దీనికిని ఒక భేదము. నర్మదుడు కొలువు మానిన కవి. పంతులుగారు జీతము తీసికొనుచునే సంఘముతో తలపడిన ఉపాధ్యాయుడు. ఆనాటి రచయితకు ఏది ఎక్కువ స్వేచ్ఛనిచ్చినది - కొలువు మానుటయా, కొలువులో నుండుటయా? ఈ ప్రశ్నకు గ్రంథములకంటె ఇండ్లే సూటిగా జవాబు చెప్పును. ఎన్ని గదులు, ఎవరి సొమ్ము, ఎవరి పేర దస్తావేజు, చివరకు ఎవరి పాలయినది - ఇవన్నియు రచనకు వెనుక నున్న లెక్కలు.

ఈ లెక్కలను దాచక చూపుటలో ఫ్రెంచివారు నేర్పరులు. పారిస్‌లో పాసీ ప్రాంతమున బాల్జాక్ నివసించిన యిల్లు అందుకు మంచి ఉదాహరణ. 1840 మొదలు 1847 వరకు ఆయన అచ్చట ఉండినాడు. తన పేర కాదు. 'ద బ్రూన్యోల్' అను మారుపేర. కారణము అప్పులవాండ్రు. ఆ యిల్లు కొండవాలున నున్నది గనుక ముందుదారి పై వీధిలోను, వెనుకదారి క్రింది సందులోను పడును. అప్పులవాడు పైన తలుపు తట్టగా రచయిత క్రిందినుండి జారుకొనుటకు వీలు. 'మానవ హాస్యనాటకము' అను మహా నవలా మాలికను ఆయన సవరించినది అచ్చటి చిన్న బల్ల మీదనే. ప్రూఫులు వచ్చిన కొలది వాక్యములు పెంచుచు, అచ్చుకూటపువారికి ప్రాణసంకటము కలిగించుచు, దిద్దుబాటు ఖర్చు తన పారితోషికమునుండియే పోవుచున్నను మానలేదు. పారిస్ నగరము ఆ ఇంటిని 1949లో తన వశము చేసికొన్నది. అచ్చట యాత్రికునకు నచ్చునది కుర్చీయో కాఫీ పాత్రయో కాదు. ఆ రెండవ ద్వారము.

హ్యూగో విషయము వేరు. 1950 నాటి 'బీదలపాట్లు' చిత్రమున నాగయ్యను చూచిన తెలుగు ప్రేక్షకులకు ఆయన కథ కొత్త కాదు. ఆ నవలను మొదలుపెట్టినది పారిస్‌లో నేడు వోజ్ చౌకమనబడు చోట ఒక భవనపు రెండవ అంతస్తున. అచ్చట ఆయన 1832 నుండి 1848 వరకు నివసించినాడు. ఆ భవనము 1903లో ప్రదర్శనశాల అయినది. నవల ముగిసినది మాత్రము ఫ్రాన్సులో కాదు, గెర్న్‌సీ ద్వీపములో, ప్రవాసమున. అచ్చటి 'ఓత్‌విల్ హౌస్'ను హ్యూగో 1856లో కొన్నాడు. మేడ పైన అద్దములతో కట్టిన గదిలో సముద్రమునకెదురుగా నిలుచుండి వ్రాసేవాడు. 1927లో వారసులు దానిని పారిస్ నగరమునకు దానమిచ్చిరి. ఒక్క నవలను అర్థము చేసికొనుటకు రెండు దేశములలో రెండిండ్లు చూడవలసి వచ్చుట విచిత్రమే.

జోలా మేదాన్‌లోని యిల్లు నవల కట్టిన యిల్లు. 1877లో వెలువడిన 'అసొమ్వార్' నవల విపరీతముగా అమ్ముడుపోగా మరుసటి యేడు దానిని కొన్నాడు. అమ్మకము పెరిగిన కొలది ఆ చిన్న యింటికి ఒక్కొక్క బురుజు చేర్చినాడు. ఆయన మరణానంతరము 1905లో భార్య దానిని పిల్లల సంరక్షణ కొరకు ప్రభుత్వ సహాయసంస్థకు ఇచ్చివేసెను. 2021లో అచ్చటనే ద్రేఫ్యూ వ్యాజ్యమును గూర్చిన ప్రదర్శనశాల తెరచిరి. ద్యూమా సంగతి యిందుకు విపర్యయము. 'మాంతె క్రిస్తో' పేర కోటవంటి మేడను కట్టించి, 1847లో ఘనముగా గృహప్రవేశము చేసి, రెండేండ్లు తిరుగకమునుపే అప్పులకు దానిని పోగొట్టుకొన్నాడు. ఇరువదవ శతాబ్దమున దానిని కూల్చి కొత్త ఇండ్లు కట్టదలచినప్పుడు చుట్టుపట్ల మూడు పురపాలక సంఘములు పూనుకొని కాపాడినవి. ఫ్లోబేర్‌కు ఆ భాగ్యము లేదు. రువాన్ చెంత సేన్ నది యొడ్డున క్రోవాసే గ్రామమున ఆయన జీవితమంతయు గడిపిన యిల్లు, 1880లో ఆయన మరణించిన మరుసటి యేడే అమ్ముడుపోయి నేలమట్టమయినది. ఆ స్థలమున సారాయి కర్మాగారము లేచినది. తోటలోని చిన్న మంటపము ఒక్కటే మిగిలినది. ఒక్క వాక్యమునకు దినమంతయు తపించిన రచయితకు ఒక్క గది మిగులుట సరిపోయినదని కొందరు చమత్కరింపవచ్చును. ఆ చమత్కారము మింగుడు పడదు.

అన్నిటికంటె ఆలోచింపజేయునది ఇల్లియే గ్రామము. ప్రూస్త్ తండ్రి పుట్టిన ఊరది. బాలుడుగా సెలవులకు పోయి మేనత్త యింట ఉండిన ఆ గ్రామమును ప్రూస్త్ తన నవలలో 'కొంబ్రే' అను పేర సృష్టించినాడు. పాఠకులు గుంపులుగా వచ్చి కొంబ్రే ఎచ్చట అని అడుగసాగిరి. 1971లో, రచయిత శతజయంతి సందర్భమున, ఆ గ్రామము తన పేరును అధికారికముగా 'ఇల్లియే-కొంబ్రే' అని మార్చుకొన్నది. కల్పన ఊరిపేరులో చేరిపోయినది. మేనత్త యిల్లు 'లెయొనీ అత్త యిల్లు'గా నిలిచియున్నది. ఆ అత్త అసలు పేరు ఎలిజబెత్. లెయొనీ అన్నది నవలలోని పేరు. చూడవచ్చువారు ఏ యింటిని చూచుచున్నారు - ఇటుకల యింటినా, వాక్యముల యింటినా? ఇటువంటి ప్రదర్శనశాలలకు ఇదియొక ఆపద. ఆపద తెలిసి నడుపువారు మేలు. తెలియనివారు నవలలోని పలహారములను పళ్ళెములో పెట్టి చూపుదురు.

ఫ్రాన్సులో ఇటువంటి యిండ్ల నిర్వాహకులందరు కలిసి 1997లో ఒక సమాఖ్యగా ఏర్పడిరి; దాని కేంద్రము బూర్జ్ నగరము. 2011లో ఆ దేశపు సంస్కృతి మంత్రిత్వశాఖ 'ప్రముఖుల గృహములు' అను గుర్తింపును ప్రవేశపెట్టినది. గ్రామ గ్రామమున ఫలకములు కనబడుటకు కారణము ఆ జాతి సాహిత్యాభిమానము మాత్రమే అనుకొనుట పొరపాటు. పురపాలక సంఘమునకు యాత్రికులు కావలెను, వారసులకు పన్ను బాధ తప్పవలెను, పండితులకు వ్రాతప్రతుల నిలయము కావలెను. ముగ్గురి అవసరములు కలిసినచోట ఇల్లు నిలుచును. కలియనిచోట క్రోవాసే గతి పట్టును.

మన వైపు చూచినచో ఉన్నవి కొద్ది. విజయనగరములో గురజాడ అప్పారావుగారి యిల్లు గ్రంథాలయముతో కూడిన స్మారకముగా నున్నది. 'కన్యాశుల్కము' 1897లో మొదట అచ్చయి, 1909లో పెరిగి మారిన రూపమున మరల వచ్చినదని మనమెరుగుదుము. సంస్థానపు కొలువునకును ఆ నాటకమునకును గల సంబంధమును ఆ యూరి వీధులలో తిరిగినవాడు ఎక్కువగా గ్రహించును. కోట ఎంత దగ్గరనో కన్నులార చూచుట ఒక చదువే. హైదరాబాదులో సరోజినీ నాయుడు కుటుంబము నివసించిన యిల్లు ఆమె తొలి కవితాసంపుటి పేరు మీదుగా 'గోల్డెన్ త్రెషోల్డ్' అయి, 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు పుట్టినిల్లయినది. కడపలో బ్రౌను దొర బంగళా శిథిలమైపోయిన స్థలమున జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదలవలన గ్రంథాలయము లేచినది. ఈ కడపటిది చాల తెలుగు పద్ధతి: గోడలు కాపాడలేకపోతిమి, పుస్తకములైనను చేర్చితిమి.

మిగిలినవారి యిండ్లు ఎందుకు లేవు? ఒక కారణము స్పష్టము. మన ఆధునిక రచయితలలో చాలమంది అద్దె యిండ్లలోనే బ్రతికిరి. బదిలీలున్న ఉపాధ్యాయులు, పత్రికలు మూతపడగా ఊళ్ళు మారిన సంపాదకులు, సినిమా పాటలకై మదరాసు చేరినవారు - వీరికి 'స్వగృహము' అను మాటయే అరుదు. మదరాసులో శ్రీశ్రీ, దేవులపల్లి, ఆరుద్రలు తిరిగిన వీధులు నేడు మరొక రాష్ట్రపు రాజధానిలో నున్నవి. అచ్చటి ఫలకము ఏ భాషలో ఉండవలెనన్నదియు ఒక చిక్కే. పుట్టిన ఊరును చూపుట మనకలవాటు. వ్రాసిన గదిని చూపుట అలవాటు లేదు. పుట్టుకలో రచయిత ప్రమేయమేమున్నది?

అయినను ఆధారములు లేకపోలేదు. తెలుగు రచయితలు పెక్కుమంది తమ పుస్తకములను తామే అచ్చువేయించి తామే అమ్ముకొన్నారు. అందువలన పాత పుస్తకముల వెనుక పుటలలో 'ప్రతులకు' అను మాట క్రింద వారి యింటి చిరునామా, డోరు నంబరుతో సహా, నిలిచిపోయినది. పారిస్ ప్రచురణకర్తల చేతిలో పుస్తకము పెట్టిన జోలాకు ఆ అవసరము లేకపోయినది. మన బీదతనము మనకొక జాబితాను వదలినదన్నమాట. జిల్లా గ్రంథాలయములలోని పాత పుస్తకములను తిరుగవేసి ఆ చిరునామాలను ఏడు తేదీలతో ఏర్చి కూర్చుట ఒక విశ్వవిద్యాలయపు తెలుగుశాఖ రెండేండ్లలో చేయగల పని. పురపాలక సంఘములు డోరు నంబర్లను మార్చుచునే యుండును గనుక, పాత కొత్త నంబర్లు ఎరిగిన పన్ను గుమాస్తాలు ఉండగనే ఆ పని జరుగుట మేలు.

సూరతులో వేరొక పనికి అవకాశమున్నది. అచ్చటి తెలుగు కుటుంబముల పిల్లలు ఇంట తెలుగు, వీధిలో గుజరాతీ హిందీలు మాటలాడుదురు. ఆన్కెతీల్ దారాబుల నడుమ ఫారసీ మధ్యవర్తి కావలసి వచ్చినట్లు వీరికి ఇంగ్లీషు నడుమ రానక్కరలేదు. 'మారీ హకీకత్' వంటి గ్రంథమును గుజరాతీనుండి నేరుగా తెలుగులోనికి తేగలవారు రాజధానుల సభలలోకంటె ముందుగా ఆ మగ్గముల పేటలలో దొరకవచ్చును. వారుండు లింబాయత్ పేటనుండి గోపీపురా కొలది కిలోమీటర్ల దూరమే. కడోదరానుండియైనను ఒక్క పూట ప్రయాణమునకు మించదు. మగ్గమునకు సెలవు దొరికిన దినమున నర్మదుని యింటి మెట్లెక్కిన ఆ పిల్లవానికి, అచ్చట గోడపై వ్రాసినది చదువుటకు ఎవరి సాయమును అక్కరలేదు.